వీర్యకణం మోసుకొచ్చే మూట

"మాది అనకాపల్లి జిల్లా బుచ్చయ్యపేట మండలం. నాకు 34 ఏళ్లు, నా భార్యకు 28. పెళ్లయి ఆరేళ్లయింది. రెండుసార్లు నెల తప్పింది. రెండుసార్లూ మూడో నెల నిండకుండానే పోయింది. నాకు వీర్యపరీక్ష చేయించారు. కణాల లెక్క బాగుందన్నారు. కదలిక కూడా బాగానే ఉందట. ఆ కాగితం చూసిన దగ్గర్నుంచి మా అమ్మ 'ఒరే, నీలో లోపం లేదని తేలిపోయింది కదా, దాని కడుపే నిలుపుకోలేకపోతోంది' అంటోంది. చుట్టాలు రెండో సంబంధం మాట ఎత్తుతున్నారు. నా భార్య తిండి సరిగ్గా తినడం లేదు. ఇప్పుడు ఒక డాక్టరుగారు నాకే ఇంకో పరీక్ష రాశారు. వీర్యకణంలోని డి.ఎన్.ఏ. ముక్కలైందేమో చూడాలట. లెక్క సరిగ్గా ఉన్నాక నాకు మళ్లీ పరీక్ష ఎందుకు? నేను పంట సీజనులో బెల్లం పెనం దగ్గర పని చేస్తాను. రోజుకు ఒక కట్ట బీడీలు కాలుస్తాను. వేరే జబ్బులు లేవు."

ఈ ఉత్తరానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పవచ్చు: పరీక్ష చేయించుకోండి, బీడీ మానండి, రెండో సంబంధం మాట కట్టిపెట్టండి. కానీ ఎందుకో తెలియకపోతే ఏ సలహా అయినా రెండు రోజుల్లో మరుగున పడుతుంది. పైగా ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. వీర్యకణాల లెక్క బాగుంటే మగవాడి పాత్ర అంతటితో సరి అని చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటున్నారు. అందుకని కొంచెం ఓపికగా, మొదటి నుంచీ చూద్దాం.

లెక్క చెప్పేది ఎంత?

వీర్యపరీక్షలో సాధారణంగా చూసేవి నాలుగు: వీర్యం ఎంత ఉంది, కణాలెన్ని, వాటిలో కదిలేవెన్ని, ఆకారం సరిగ్గా ఉన్నవెన్ని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కొలతల ప్రకారం మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు, కదిలేవి నూటికి 42, మంచి ఆకారం గలవి నూటికి 4 ఉంటే కింది హద్దు దాటినట్లే. ఇవి ఉపయోగపడే కొలతలే. కాదనను. అయితే ఇవన్నీ పైనుంచి చూసేవి. బస్సులెన్ని ఉన్నాయి, ఎన్ని నడుస్తున్నాయి అని లెక్కపెట్టడం లాంటిది. బస్సులో ఎక్కించిన సామాను పగలకుండా ఊరు చేరుతుందా అన్నది ఈ లెక్కలో తేలదు.

వీర్యకణం పుట్టిందే ఒక సామాను మోయడానికి. ఆ సామాను తండ్రి ఇచ్చే సగం వారసత్వం: 23 క్రోమోజోములు. వాటిలో ఉండే పదార్థమే డి.ఎన్.ఏ. బిడ్డ కళ్ల రంగు నుంచి రక్తం గ్రూపు దాకా సగం రాతప్రతి ఇదే.

మీటరు దారం, సూదిమొనకన్నా చిన్న సంచి

ఒక వీర్యకణంలోని డి.ఎన్.ఏ. పోగులన్నీ చివర చివర కలిపి సాగదీస్తే సుమారు ఒక మీటరు పొడవుంటుంది. దాన్ని పెట్టుకునే వీర్యకణం తల పొడవు మిల్లీమీటరులో రెండు వందలో వంతు! పైగా ఆ సంచి ఈదాలి. బరువైన, లావైన తల ఉంటే ఈదలేదు. దారిలో ఆమ్లాలు, ఆక్సిజన్ వల్ల పుట్టే తినేసే రసాయనాలు కాచుకుని ఉంటాయి. వాటి నుంచి దారం తెగకుండా కాపాడాలి. ఇంత పనీ చేసేవి కొన్ని ప్రోటీన్లు.

మన ఒంట్లో మిగతా కణాల్లో డి.ఎన్.ఏ. ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. చీరాలలోనో మంగళగిరిలోనో మగ్గం దగ్గర నూలు చుట్టిన కండెలు చూసే ఉంటారు. అలాగే కణంలో హిస్టోన్లు అనే ప్రోటీన్లు ఎనిమిదేసి కలిసి ఒక కండె అవుతాయి. దాని చుట్టూ డి.ఎన్.ఏ. దారం రెండు చుట్లకు కాస్త తక్కువగా చుట్టుకుంటుంది. మళ్లీ కొంత దారం, మళ్లీ కండె. ఈ ఏర్పాటు కొంచెం వదులుగానే ఉంటుంది. ఉండాలి కూడా. ఎందుకంటే కణం రోజూ ఆ దారాన్ని విప్పి, చదివి, పని చేసుకోవాలి.

వీర్యకణానికి చదివే పని లేదు. మోసుకెళ్లి అప్పగించడమే దాని పని. ఇంట్లో కాపురమున్నప్పుడు బట్టలు దండెం మీద ఉంటాయి. ప్రయాణమైతే మడతపెట్టి, అణిచి, పెట్టెలో కుక్కి తాళం వేస్తాం. వృషణంలో జరిగేది సరిగ్గా ఇదే.

మూట కట్టే మూడు మెట్లు

వృషణంలో మూలకణం విభజన చెంది, 46 క్రోమోజోములు 23 అయి, గుండ్రటి కణంగా తయారవుతుంది. దానికింకా తోక లేదు. ఆ గుండ్రటి కణం కోలతల, తోక గల వీర్యకణంగా మారే చివరి మూడు వారాల్లో ఈ మూట కట్టే పని నడుస్తుంది.

మొదటి మెట్టులో హిస్టోన్ల పట్టు సడలుతుంది. వాటికి అసిటైల్ అనే చిన్న రసాయనపు ముక్కలు తగిలించడంతో అవి దారాన్ని వదిలేయడానికి సిద్ధమవుతాయి. చుట్టిన దారం విప్పేటప్పుడు మెలికలు పడతాయి కదా? ఆ మెలికలు పోవడానికి కణమే డి.ఎన్.ఏ.ను అక్కడక్కడా తెంపి, మళ్లీ అతుకుతుంది. ఇది రోగం కాదు, పనిలో భాగం. కాని ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ముందు దీనితో పని ఉంది.

రెండో మెట్టులో హిస్టోన్ల స్థానంలోకి మధ్యంతర ప్రోటీన్లు వస్తాయి. ఇవి తాత్కాలికంగా వచ్చే కూలీల వంటివి. పని అయ్యాక ఉండవు. మన పక్కనే బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్య ఎం.ఆర్.ఎస్. రావుగారి బృందం ఎలుకల వృషణాల్లో ఈ ప్రోటీన్ల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. వాటిలో రెండోది జింకును పట్టుకుని ఉంటుందనీ, డి.ఎన్.ఏ.ను దగ్గరికి లాగి దట్టం చేయగలదనీ వారు చూపించారు. ఆయనకు 2010లో పద్మశ్రీ ఇచ్చారు. 2023లో కన్నుమూశారు.

మూడో మెట్టులో అసలు పెద్దలు వస్తారు. వీటి పేరు ప్రోటమిన్లు. ఇవి చాలా చిన్న ప్రోటీన్లు. మనిషిలోని మొదటి ప్రోటమిన్‌లో సుమారు 50 అమైనో ఆమ్లాలు మాత్రమే ఉంటే, దాదాపు సగం ఆర్జినిన్ ఒక్కటే. ఆర్జినిన్‌కు ధనావేశం, డి.ఎన్.ఏ.కు ఋణావేశం. అయస్కాంతానికి ఇనుము అతుక్కున్నట్లు రెండూ అతుక్కుపోతాయి. అప్పుడు దారం కండెల మీద కాకుండా గారెల్లాగ నడుమ చిల్లున్న చుట్టలుగా ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటుంది. చెరుకు రసం పెనంలో మరిగి మరిగి చివరికి చేతిలో ఇమిడే బెల్లం దిమ్మ అవడం మీకు తెలుసు. అలాగే ఉబ్బిన గింజలాంటి కేంద్రకం నీరంతా వదిలి, కుదించుకుపోయి, గట్టిపడుతుంది.

ఇంకా పూర్తి కాలేదు. వీర్యకణాలు వృషణం నుంచి దాని వెనక ఉండే మెలికల గొట్టంలోకి చేరి వారం పది రోజుల పైన ప్రయాణం చేస్తాయి. అక్కడ ప్రోటమిన్లలోని గంధకం కొక్కేలు ఒకదానికొకటి తగులుకుంటాయి. గోనెసంచి మూతికి పురికొసతో కుట్లు వేసినట్లన్నమాట. చివర వీర్యంలోని జింకు ఆ కుట్లకు బిగింపు ఇస్తుంది.

మనిషిలో ప్రోటమిన్లు రెండు రకాలు. అవి ఇంచుమించు సమానంగా ఉండాలి. ఎద్దులో ఒకటో రకమే ప్రధానం. 2001లో అమెరికాలో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ఈ రెండింటిలో ఏ ఒక్కదాని జన్యువు సగం పోయినా మగ ఎలుకకు సంతానం కలగలేదు. మనుషుల్లో కూడా ఈ రెండింటి పాళ్లు తారుమారైన మగవాళ్లలో డి.ఎన్.ఏ. తెగిన కణాలు ఎక్కువగా కనిపిస్తాయి.

మొత్తం హిస్టోన్లు పోతాయా అంటే, పోవు. మనిషి వీర్యకణంలో నూటికి 5 నుంచి 15 వంతులు మిగులుతాయి. అవి కూడా ఎక్కడ పడితే అక్కడ కాదు. పిండం ఎదుగుదలకు మొదట్లో కావలసిన జన్యువుల దగ్గర ఎక్కువగా ఉంటాయని 2009లో తేలింది. ప్రయాణంలో దిగగానే కావలసిన తువ్వాలు పైన పెట్టుకోమూ? అలాంటిదే.

ఈ ప్రోటమిన్ మీ ఇంట్లోనే ఉండవచ్చు

ఇదంతా పరిశోధనశాలల కబుర్లనుకోకండి. 1874లో స్విట్జర్లాండులోని బాసెల్ పట్టణంలో ఫ్రెడరిక్ మీషర్ అనే వైద్యుడు రైన్ నదిలోని సాల్మన్ చేపల వీర్యంలో ప్రోటమిన్‌ను మొదట కనుక్కున్నాడు. డి.ఎన్.ఏ.ను 1869లో చీము గుడ్డల నుంచి వేరుచేసినవాడూ ఆయనే. తరువాత 1936లో డెన్మార్కులో హాగెడోర్న్ బృందం ఇన్సులిన్‌కు చేప ప్రోటమిన్ కలిపితే అది నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేస్తుందని చూపింది. మీ ఇంట్లో ఎవరైనా పాలలా తెల్లగా ఉండే, వాడేముందు అరచేతుల మధ్య దొర్లించే ఇన్సులిన్ తీసుకుంటుంటే, అందులో ఉన్నది ఈ ప్రోటమినే. గుండె ఆపరేషన్ అయ్యాక, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన హెపారిన్ మందుకు విరుగుడుగా ఇచ్చేదీ ఇదే. ఇవి తీసుకున్నందువల్ల మగతనానికి వచ్చే లోటేమీ లేదు. భయం వద్దు.

మూట వదులైతే ఏమవుతుంది?

ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాటకు వద్దాం. మెలికలు తీయడానికి తెంపిన దారం అతుకు పడకముందే మూట కట్టేస్తే ఆ తెగినవి తెగినట్లే ఉండిపోతాయి. ఒకసారి మూట బిగిశాక వీర్యకణం తన డి.ఎన్.ఏ.ను చదవలేదు, బాగుచేసుకోనూ లేదు. అది ఒక సంగతి. రెండోది, ప్రోటమిన్లు సరిగ్గా చేరక మూట వదులుగా ఉంటే, పొగాకు వల్ల, ఇన్‌ఫెక్షన్ల వల్ల, వృషణం మీది రక్తనాళాల ఉబ్బు వల్ల పుట్టే రసాయనాలు లోపలికి దూరి దారాన్ని కొరికేస్తాయి.

ఇలాంటి కణం ఈదలేదా? ఈదుతుంది. అండంలో చేరలేదా? చేరుతుంది. లెక్కలో కలుస్తుంది, కదలికలో కలుస్తుంది. అందుకే మీ కాగితంలో అంతా సవ్యంగా ఉంది.

అండంలో చేరాక అక్కడ గ్లూటాథయోన్ అనే పదార్థం గంధకం కుట్లు విప్పుతుంది. కొన్ని గంటల్లో ప్రోటమిన్లు పోయి, తల్లి ఇచ్చిన హిస్టోన్లు వాటి స్థానంలో కూర్చుంటాయి. అంతేకాదు, తండ్రి దారంలో తెగిన చోట్లు కనిపిస్తే తల్లి అండమే వాటిని అతుకుతుంది! చూశారా, మగవాడి కణం చేసిన తప్పును దిద్దేది ఆడదాని కణం. కాని ఆ శక్తికీ ఒక హద్దుంది. తల్లి వయసు పెరిగితే అది తగ్గుతుంది. మొదటి రెండు మూడు రోజులు పిండం తల్లి ఇచ్చిన సరుకుతోనే నడుస్తుంది. ఆ తరువాత తండ్రి జన్యువులు పనిలోకి దిగుతాయి. లోపమంటూ ఉంటే అప్పటి నుంచే బయటపడుతుంది. కొన్ని పిండాలు అంటుకోకుండానే పోతాయి. కొన్ని నెల తప్పాక పోతాయి.

కాబట్టి, అయ్యా, గర్భం పోయినంత మాత్రాన కడుపుదే తప్పు అనడానికి శాస్త్రం ఒప్పుకోదు. పదేపదే గర్భస్రావాలైన దంపతుల్లో భర్త వీర్యకణాల డి.ఎన్.ఏ. ముక్కలై ఉండడం మామూలు వారికన్నా ఎక్కువగా కనిపించిందని అనేక పరిశోధనల్లో తేలింది.

అలాగని తప్పంతా మీదేనని కూడా అనడం లేదు. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోతాయి. అది చాలాసార్లు యాదృచ్ఛికంగా జరిగేదే. ఎవరూ చేసింది కాదు, ఎవరూ ఆపగలిగేదీ కాదు. థైరాయిడ్ లోపం, అదుపులో లేని మధుమేహం, గర్భసంచి ఆకారంలో తేడా, రక్తం గడ్డకట్టించే యాంటీబాడీలు, ఇవన్నీ కూడా కారణాలే. అందుకే పరీక్షలు ఇద్దరికీ జరగాలి.

ఈ పరీక్ష అందరికీ కావాలా?

అక్కర్లేదు. పెళ్లయి ఆరు నెలలైనా కాకముందే పరుగెత్తవలసిన పరీక్ష కాదిది. రెండు అంతకు మించి గర్భాలు పోయినప్పుడు, కారణం తెలియకుండా సంతానం ఆలస్యమైనప్పుడు డాక్టరు సలహాతో చేయించుకోవాలి. ఇది అన్నిచోట్లా ఉండదు. పెద్ద పట్టణాల్లోని సంతాన వైద్యకేంద్రాల్లో చేస్తారు. నాలుగైదు పద్ధతులున్నాయి, ఒక్కొక్కదానికి ఒక్కో హద్దు. కనుక కాగితం మీద అంకె చూసి మీరే తీర్పు చెప్పుకోకండి. పరీక్షకు ముందు రెండు రోజులకు తక్కువ, ఏడు రోజులకు ఎక్కువ కాకుండా సంయోగం ఆపాలి.

అసలు వీర్యకణాలే లేనివారి సంగతి వేరు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన పరిశోధనలో, వీర్యకణాలు లేని మగవాళ్లలో సుమారు 8.5 శాతం మందికి వై క్రోమోజోములో కొంత భాగం లోపించిందని తేలింది. వారికి చేయవలసిన పరీక్షలు వేరు.

మీరు చేయవలసినవి

ఒక వీర్యకణం తయారవడానికి వృషణంలో సుమారు పది వారాలు, బయటి గొట్టంలో మరో వారం పది రోజుల పైన పడుతుంది. మొత్తం మూడు నెలలనుకోండి. ఇది మీకు మంచి వార్త. ఇవాళ మారితే మూడు నెలలకు బయటికొచ్చే మూటలు కొత్తవి. 2000 సంవత్సరంలో అమెరికా శాస్త్రజ్ఞులు ఫ్లూ జ్వరం వచ్చిన ఒక మనిషి వీర్యాన్ని వరసగా పరీక్షించారు. జ్వరం తగ్గిన కొన్ని వారాలకు హిస్టోన్లు ఎక్కువ మిగిలిన, డి.ఎన్.ఏ. తెగిన కణాలు కనిపించాయి. తరువాత వాటంతటవే సర్దుకున్నాయి. కనుక ఈ మధ్య మీకు గట్టి జ్వరం వచ్చి ఉంటే డాక్టరుకు చెప్పండి. మూడు నెలలు ఆగి పరీక్ష చేయించుకోవడం మేలు.

బీడీ మానండి. తగ్గించడం కాదు, మానడం. చుట్ట, గుట్కా, ఖైనీ కూడా అంతే.

వేడి సంగతి. వృషణాలు ఒంటికి బయట వేలాడుతూ ఉండడానికి కారణముంది. అవి ఒంటి వేడికన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి. బెల్లం పెనం దగ్గర గంటల తరబడి పొయ్యి సెగకు ఎదురుగా నిలబడితే ఆ ఏర్పాటు చెడుతుంది. మీ బతుకుతెరువు మానుకోమని ఎలా చెబుతాను? వీలైతే ఈ ఒక్క సీజను పాకం తిప్పే పని మరొకరికిచ్చి, చెరుకు మోసే పనో, దిమ్మలు అచ్చు పోసే పనో మీరు తీసుకోండి. వీలుకాకపోతే అరగంటకోసారి బయట గాలికి రండి. బిగుతైన లోదుస్తులు, ప్యాంటు కాకుండా వదులైన లుంగీ కట్టుకోండి. మరుగు నీళ్ల స్నానం వద్దు.

చెరుకు తోటకు పురుగుమందు కొడితే ఒళ్లు కప్పుకుని కొట్టండి. అవగానే సబ్బుతో కడుక్కోండి.

వృషణాల సంచిలో పురుగుల్లా మెలికలు తిరిగిన నరాలు తగులుతుంటే డాక్టరుకు చూపించండి. అవసరమైతే చిన్న ఆపరేషన్‌తో నయమవుతుంది. చక్కెర పరీక్ష చేయించుకోండి. మూత్రంలో మంట ఉంటే చెప్పండి.

"దాచుకుంటే బలం" అని వారాల తరబడి దూరంగా ఉండకండి. ఎక్కువ రోజులు నిలవ ఉన్న కణాల్లో డి.ఎన్.ఏ. తెగడం పెరుగుతుంది. రోజు విడిచి రోజు కలవడం మంచిది.

బలానికని టెస్టోస్టిరోన్ ఇంజెక్షన్లు చేయించుకోకండి. వాటివల్ల వీర్యకణాలు తయారవడమే ఆగిపోవచ్చు. పత్రికల్లో ప్రకటించే వీర్యవృద్ధి గుళికలకు డబ్బు తగలేయకండి. విటమిన్లు, యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు కలిపి మగవాళ్లకిచ్చి చూసిన ఒక అమెరికా పరిశోధనలో, డి.ఎన్.ఏ. తెగడం తగ్గలేదని 2020లో తేలింది. ఆ డబ్బుతో ఆకుకూరలు, పప్పు, గుడ్లు, చేపలు, పళ్లు తినండి.

మీ భార్య కూడా స్త్రీల వైద్యురాలికి చూపించుకోవాలి. విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి వంటి బోధనాసుపత్రికి వెళితే ఇద్దరికీ ఒకేచోట సలహా దొరుకుతుంది. మళ్లీ గర్భం కోరే నాటికి నెల ముందు నుంచే ఆమె ఫోలిక్ ఆమ్లం మాత్రలు మొదలుపెట్టాలి.

మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష చేయించుకోండి. బాగుపడితే సంతోషం. బాగుపడకపోయినా దారులు మూసుకుపోలేదు, డాక్టరు వేరే మార్గాలు చెబుతారు. కారణం తెలియకుండా రెండుసార్లు గర్భం పోయిన దంపతుల్లో ఎక్కువమందికి తరువాత బిడ్డ దక్కుతుంది.

చివరగా ఒక మాట. ఈ పేజీ మీ అమ్మగారికి చదివి వినిపించండి. ఆవిడ చెడ్డది కాదు, ఎవరూ ఆవిడకు ఈ సంగతి చెప్పలేదు, అంతే. "అమ్మా, మూట కట్టింది నేను, విప్పి దిద్దుకోవలసింది ఆమె. ఎక్కడ తప్పిందో ఇద్దరమూ చూపించుకుంటున్నాం" అని చెప్పండి. ఆ రాత్రి మీ భార్య పక్కన కూర్చుని అన్నం తినండి. ఆమెకు ఇప్పుడు అన్నిటికన్నా ముందు కావలసిన మందు అదే.